మేయరు గారి ఎనభయ్యో పుట్టినరోజు

మా వియ్యంకుడు ఎక్‌హార్ట్ గారు జర్మనీలో ఒక పెద్ద ఓడరేవు పట్నానికి చాలా ఏళ్ళు మేయరుగా చేసినవారు. ఊపిరితిత్తుల జబ్బు ముదిరాక అమెరికాలో రెడ్‌మండ్‌లో ఉన్న కొడుకు టోబియాస్ దగ్గరికి, అంటే మా అమ్మాయి మణి ఇంటికి వచ్చారు. ఆఖరి చూపుకి వచ్చారని ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను. ఆయన మెట్లెక్కి గోడకు చెయ్యి ఆన్చి నిలబడితే చాలు, నేను కుర్చీ తెచ్చి వెనక పెట్టేదాన్ని. గదిలోంచి దగ్గు వినిపిస్తే భయం, వినిపించకపోతే ఇంకా భయం. ఏదో ఒక వంకతో లోపలికి వెళ్ళి చూసి వచ్చేదాన్ని.

"అమ్మా, ఊపిరి ఆడుతోందో లేదో చూడ్డానికి మాటిమాటికీ టీ పట్టుకెళ్తున్నావ్," అని మణి కసిరింది. "జబ్బు సంగతేమో గానీ, నీ టీలతో పోయేట్టున్నారు."

"ఛ, ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందే!"

నేను నరసాపురంలో పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. నా ఇంగ్లీషూ ఆయన ఇంగ్లీషూ రెండూ అంతంతమాత్రమే కాబట్టి మా ఇద్దరికీ బాగానే కుదిరింది. నేను అన్నయ్యగారూ అంటే, మణి దగ్గర నేర్చుకుని ఆయన "చెల్లెమ్మా" అనేవారు. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే ఎదురుగా కూర్చుని తన సంగతులు చెప్పేవారు.

తండ్రి ఓడలు కట్టే యార్డులో వెల్డరట. ఈయన మీసాలు రాని వయసులోనే సోషల్ డెమోక్రాట్ల పార్టీలో చేరి గోడలకు పోస్టర్లు అంటించారట. తర్వాత కౌన్సిలరు, ఆ తర్వాత మేయరు. పనివాళ్ళకు తక్కువ అద్దె ఇళ్ళు కట్టించారు. వాళ్ళ పేటలదాకా ట్రాము లైను వేయించారు. అంత చేశాక యార్డు మూతపడింది. ఆపడం ఆయన వల్ల కాలేదు. గేటు దగ్గర బల్ల ఎక్కి ఆ కబురు తానే చెప్పారు. తర్వాత ఎన్నికల్లో ఆ పేటలే ఆయన్ని ఓడించాయి.

"వాళ్ళ తప్పేం లేదు చెల్లెమ్మా," అనేవారు. "కూడు పోయినవాడు కనబడినవాణ్ణే తిడతాడు. నేను కనబడ్డాను."

ఒక్క సంగతి మాత్రం ఆయన చెప్పలేదు, మణి చెప్పింది. ఆయన ఆ బల్ల ఎక్కిన రోజే ఆసుపత్రిలో ఆయన భార్య ప్రాణం మీదికి వచ్చింది. పక్కన టోబి ఒక్కడే, ఇంకా స్కూలు పిల్లాడు. ఫోను మీద ఫోను చేశాడు. మీటింగు ముగించుకుని ఈయన వెళ్ళేసరికి ఆవిడ లేదు.

"అంతేనమ్మా, అప్పట్నించీ వాళ్ళిద్దరి మధ్యా వెదర్, ఫ్లైట్, మందులు తప్ప వేరే టాపిక్ లేదు," అంది.

ఆయన తిరుగు ప్రయాణం దగ్గర పడింది. మళ్ళీ ఈ తండ్రీకొడుకులు ఒకచోట కూర్చుంటారన్న నమ్మకం నాకు లేదు. వెళ్ళేలోగా ఒక్కసారైనా వాళ్ళు మనసు విప్పి మాట్లాడుకోవాలని రోజూ ప్రార్థన చేసుకునేదాన్ని.

ఆయన ఎనభయ్యో పుట్టినరోజు బుధవారం పడింది. ఇక్కడ మనవాళ్ళ పుట్టినరోజులూ పెళ్ళిరోజులూ ఏ వారం పడినా శనివారానికే కదా జరుపుకుంటాం. నేనూ అలాగే ముందు శనివారం మా తెలుగు చర్చివాళ్ళను పిలిచాను. పులిహోర, కోడికూర, కేకు. జోసఫ్ పాస్టరు గారు ప్రార్థన చేశారు. అందరూ చప్పట్లు కొడుతూ పాడుతుంటే ఎక్‌హార్ట్ గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. కొవ్వొత్తి ఊదలేదు. దగ్గు వస్తోందని చెప్పి ఇంటి వెనక చెక్క అరుగులాంటి డెక్ మీదికి వెళ్ళిపోయారు.

నేను శాలువా పట్టుకుని పరిగెత్తాను. "ఏమైందన్నయ్యగారూ? అంబులెన్స్‌కి చెప్పనా?"

"వద్దొద్దు," అని నవ్వారు. "మా దగ్గర పుట్టినరోజుకి ముందు ఎవరూ శుభాకాంక్షలు చెప్పరు. అరిష్టం అంటారు. ఆ రోజుదాకా ఉండడని తేల్చేసినట్టు. ఊళ్ళో తొంభై నిండినవాళ్ళ ఇంటికి మేయరు పూలు పట్టుకుని వెళ్ళాలి. ఒకసారి మా ఆఫీసువాళ్ళు తేదీ పొరపడి నన్ను ముందురోజే పంపారు. ముసలమ్మ తలుపు తీయలేదు! కిటికీలోంచి చీపురు చూపించింది."

నాకు నవ్వు రాలేదు. "ప్రభువా, నా చేతులారా..." అని ఏడ్చేశాను.

"నాకు ఆ నమ్మకాలు లేవు చెల్లెమ్మా. కానీ బుధవారం టోబి కాసేపు నా దగ్గర కూర్చుంటే బాగుండును."

"అడగండి మరి, మీ కొడుకే కదా."

"జీవితమంతా గడప గడపకీ వెళ్ళి ఓట్లు అడిగాను. వాణ్ణి అడగలేను."

నేనే అడిగాను. టోబి గిన్నెలు కడుగుతున్నాడు.

"పార్టీ అయిపోయింది కదా అత్తమ్మా."

"అది మాది బాబూ. ఆయనది బుధవారం."

"నా పుట్టినరోజుల్లో ఆయన ఎవరెవరి ఇళ్ళలో కేకు తిన్నారో అడగండి. ఆ గేటు దగ్గర వేలమంది ఉన్నారట, దిగి రాలేకపోయారట. అమ్మ దగ్గరికి ఒక్కరు వస్తే చాలు కదా?" కుళాయి కట్టేసి చెయ్యి తుడుచుకున్నాడు. "చూస్తాను."

బుధవారం దాకా నేను సరిగా నిద్రపోలేదు. తెల్లారి తలుపు తట్టేసరికి ఎక్‌హార్ట్ గారు కోటూ టై వేసుకుని కూర్చుని ఉన్నారు. స్తోత్రం ప్రభువా అనుకున్నాను. మణీ టోబీ ఆఫీసుకి వెళ్ళిపోయారు. ఆయన మధ్యాహ్నం నడుం కూడా వాల్చలేదు, కోటు నలుగుతుందని.

సాయంత్రం కాకముందే కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే టోబి. చేతిలో పూలు. తన ఇంటికి తానే బెల్ కొట్టి వచ్చాడేమా అనుకున్నాను గానీ, వచ్చాడన్న సంతోషంలో పట్టించుకోలేదు. తండ్రి లేచి నిలబడ్డారు. కొడుకు చెయ్యి కలిపి జర్మన్‌లో ఏవో నాలుగు మాటలు గట్టిగా చెప్పి పూలు ఇచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. నేను పెట్టిన కేకు ముక్క తిన్నాడు, కాఫీ తాగాడు. వాన గురించి అన్నాడు. వాచీ చూసుకుని లేచి, మళ్ళీ చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు.

"ఏమన్నాడు అన్నయ్యగారూ?"

ఆయన ఆ పూలను ఒడిలో పెట్టుకున్నారు. "నగరం తరఫున, నా తరఫున హార్దిక శుభాకాంక్షలు అన్నాడు. ముసలివాళ్ళ ఇళ్ళలో నేను చెప్పే మాటలే. చెయ్యి కలపడం కూడా నాలాగే. చిన్నప్పుడు ఒకసారి వెంట తీసుకెళ్ళాను."

నేను చెప్పులు కూడా వేసుకోకుండా వాకిట్లోకి పరిగెత్తాను. కారు ఇంకా కదల్లేదు. టోబి స్టీరింగ్ మీద తల ఆన్చి ఉన్నాడు. అద్దం తట్టాను.

"లోపలికి రా బాబూ. ఏమీ మాట్లాడొద్దు. ఊరికే కూర్చో."

అద్దం దించాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఆయన్ని ఏడిపించాలనే వచ్చాను అత్తమ్మా. ఆయన థాంక్యూ అన్నారు."

"అయితే రా."

"ఇవాళ కాదు. రేపు కూర్చుంటాను."

"రేపని అనకు నాయనా. రేపు ఎవరు చూశారు?"

"ప్లీజ్ అత్తమ్మా," అన్నాడు. కారు వెనక్కి తీశాడు. సందు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను, ఆగుతుందేమోనని.

లోపల ఎక్‌హార్ట్ గారు టై వదులు చేసుకుంటున్నారు.

"వెళ్ళిపోయాడా?"

"ఆఫీసులో ఏదో అర్జెంటు పని అట అన్నయ్యగారూ. లేకపోతే ఉండేవాడే."

ఆయన నా ముఖంలోకి చూశారు.

"మా ఆఫీసు అమ్మాయి కూడా ఇంటికి ఫోను చేసి అలాగే చెప్పేది చెల్లెమ్మా," అన్నారు. "మా ఆవిడ ఎప్పుడూ నమ్మినట్టే మాట్లాడేదట."