పోతే పో అన్న పాట

ఎడమ కాలు వెనక్కి, కాదు కుడికాలు, ఛీ, ఇవాళ కాళ్ళు నా మాట వినవు, పొద్దున్నే ఉదయ్ ఫోన్ చేసి పదకొండింటికి నీ డాన్స్ క్లాస్‌కే వస్తున్నా వసూ, మాట్లాడాలి అన్నాడుగా మరి, శుభలేఖలు అచ్చయ్యాక పెళ్ళి వద్దన్న మనిషి, అదీ మెసేజ్‌లో, నీ జాతకంలో కుజదోషం ఉందట, మా అమ్మ భయపడుతోంది, సారీ, అంతే, ఎనిమిది నెలలు పత్తా లేడు, ఇప్పుడేమో తప్పు సిద్ధాంతిగారిదట, తెల్లవారుజామున రెండింటికి పుట్టినదాన్ని మధ్యాహ్నం రెండని రాసుకుని లెక్క కట్టారట, సరిచేసి చూస్తే దోషమే లేదట, జనవరిలో ముహూర్తాలున్నాయట, ఆహా, ఏం చోద్యమమ్మా, ఆ వెంటనే ఇండియా నుంచి మా అమ్మ ఫోన్, వెళ్ళినవాడే తిరిగొస్తుంటే కాలదన్నుకుంటావుటే, ముప్పై రెండొచ్చాయి, ఊఁ అనవే తల్లీ, అననా, పోనీ అనేయనా, నా రూమ్‌మేట్ గిరిజకీ వచ్చే నెల పెళ్ళి, ఆ తర్వాత నేపర్‌విల్ చలికాలంలో ఆ అపార్ట్‌మెంట్‌లో ఒక్కదాన్నే, భయం లేదంటే అబద్ధమే.

దామే, అని మా టీచర్ మిగ్దాలియా కేక, క్యూబా వాళ్ళ ఈ ఆటలో అందరం గుండ్రంగా నిలబడి ఆడతాం, ఆ కేక వినపడగానే ఉన్న జోడీని వదిలేసి పక్కవాళ్ళ చెయ్యి అందుకోవాలి, మొదట్లో నేను ఆగిపోయి సారీ సారీ అనేదాన్ని, సారీ ఏంటి పిల్లా, చెయ్యి పట్టు అని ఆవిడ అదిలించేది, ఇప్పుడొస్తున్నది ఆ పాటే, ఆఫీస్‌కి వెళ్ళే ట్రైన్‌లో రోజూ వింటూ కళ్ళు తుడుచుకున్న పాట, ఒక్క ముక్క అర్థం కాకపోయినా విరహమే అనుకున్నాను, మనకి ప్రేమ పోయిన పాటంటే ఏడుపేగా, పోయిన నెల అర్థమడిగితే మిగ్దాలియా పగలబడి నవ్వింది, ఏడుపేంటి, వాడు వదిలేసి పోతే ఆ పిల్ల ఏమంటోందో తెలుసా, పోతే పో, నీ వాటా చిక్కుళ్ళు కూడా నేనే తిన్నాను, నీ కుర్చీలో పక్కింటావిడ కూర్చుంది, రండర్రా వీధంతా ఆడదాం, అంటోంది, ఓసి నీ దుంపతెగ, దీనికా నేను అన్నాళ్ళు ముక్కు చీదుకున్నాను, ఆ రోజు నవ్వలేక చచ్చాను, ఇంటికెళ్ళి రెండు కంచాల పప్పన్నం తిన్నాను.

అదుగో వచ్చాడు, తలుపు తీసుకుని, బూట్లకి మంచుతో, అదే నవ్వు, చేతిలో ఫోన్, వసూ రా, మా అమ్మ లైన్‌లో ఉంది, నువ్వే ఓకే చెప్పు, మిస్టేక్ క్లియర్ అయిపోయిందిగా అంటున్నాడు, ఎవరి మిస్టేక్ బాబూ, దోషం ఉందంటే వద్దన్నావు, లేదంటే కావాలంటున్నావు, మధ్యలో నేనేమైపోయానో ఒక్కసారైనా అడిగావా, గుండె దడదడలాడుతుందేమో అని చూసుకుంటున్నాను, ఆడుతోంది, ఆట వల్ల, ఏడుపు వస్తుందేమో అని చూసుకుంటున్నాను, రావట్లేదు, ఎంత వెతికినా రావట్లేదు, దామే అంటోంది ఆవిడ, ఎవరో పెద్దాయన నాకోసం చెయ్యి చాచాడు, అందుకున్నాను, తిరుగుతూ తిరుగుతూనే వద్దు ఉదయ్ అన్నాను, వినపడలేదేమో అని ఇంకోసారి గట్టిగా, ఆంటీకి నువ్వే చెప్పేయ్, వద్దందని చెప్పు, వాడి నవ్వు జారిపోయింది, దోషం లేదుగా వసూ అంటున్నాడు ఇంకా, పిచ్చివాడు, ఉన్నా లేకపోయినా నాకీ పెళ్ళి వద్దు, అబ్బ, ఎంత హాయిగా ఉందో ఈ మాట.