కాకి తన్నిన సరోజ

సరోజ నటించినవన్నీ చిన్న సినిమాలు. హైదరాబాదులో ఏ మేడ మీదో తెర కట్టి వేస్తే మనుషులకన్నా కుర్చీలే శ్రద్ధగా చూసేవి. వాటిలో ఆమె బిందె మోసింది, గుమ్మంలో నిలబడింది, ఎవరో ఏడుస్తుంటే పక్కన తల ఊపింది. ఇన్నాళ్లకు అరవింద్ అనే కొత్త డైరెక్టరు ఆమెను కథానాయికను చేశాడు. ఆత్మకూరు దగ్గర ఆమె పుట్టింట్లోనే షూటింగు. చావు సీను ఒక్కటే మిగిలింది. అది పండితే తన ముఖం నలుగురికీ గుర్తుంటుందని సరోజ ఆశ. అరువు కెమెరా ఆ సాయంత్రమే వెళ్లిపోవాలి.

పొద్దున్నే కాకి వచ్చి సరోజ నెత్తిన తన్నింది. మామూలు కాకా అది! కోడిపుంజంత ఉందని వీధివాళ్లు, కాదు నెమలంతని తల్లి కిష్టమ్మ. కాకి తన్నితే ప్రాణగండం. అయినవాళ్లకు చావు కబురు పెట్టి, వాళ్లు ఏడ్చాక నిజం చెబితే దోషం పోతుందని నమ్మకం. కిష్టమ్మ లింగాల ఊళ్లో ఉన్న అక్క బుజ్జమ్మకు సరోజ పోయిందని ఫోను చేసి ఏడిపించింది. సరోజను పెంచింది బుజ్జమ్మే. సరోజ టీచరు చదువు వదిలి సినిమాల్లో చేరిందని బుజ్జమ్మ ఆమెతో మాట్లాడటం మానేసింది.

నిజం చెప్పేలోపే అరవింద్ వచ్చి, చప్పుళ్లు రికార్డవుతాయంటూ ఇంట్లో ఫోన్లన్నీ ఆపించాడు. సీను కాగానే చెబుదాంలే అనుకుంది కిష్టమ్మ. షూటింగుకు అన్నీ సర్దుకునేసరికి మధ్యాహ్నం దాటింది.

సరోజను చాప మీద పడుకోబెట్టి, తెల్లగుడ్డ కప్పి, బంతిపూల దండ వేశారు. కెమెరా మొదలైంది. అంతలో వీధి మొదట ఏడుపు లేచింది. బుజ్జమ్మ ఎక్కి వచ్చిన వనపర్తి బస్సుకు ఆ రోజు హారను పనే పడలేదట, ఆమె గొంతుకే దారిలో బర్రెలన్నీ తప్పుకున్నాయట.

నోరు తెరవబోయిన కిష్టమ్మను అరవింద్ సైగతో ఆపాడు. బుజ్జమ్మ దండ మీద పడింది.

"నీ సినిమాలన్నీ దొంగతనంగ ఫోన్ల చూసిన బిడ్డా. గీమె నా బిడ్డ అని అందరికీ చెప్పాలనుండె. నోరు రాలే."

ఇంకొక్క నిమిషం శవంలా ఉంటే చాలు. అలాంటి ఏడుపు ఏ నటికీ రాదని కళ్లు మూసుకునే ఉన్న సరోజకు తెలిసింది. కానీ చెంప మీద పెద్దమ్మ చేయి చల్లబడుతోంది, ఊపిరి అందక ఆమె ఎగపోస్తోంది.

సరోజ కళ్లు తెరిచింది. "పెద్దమ్మా, నేను మంచిగనే ఉన్న. జర ఊపిరి తీస్కో."

బుజ్జమ్మ ముందు వీపున ఒకటిచ్చింది, తర్వాత వాటేసుకుంది. కాకి సంగతి విన్నాక చెల్లెల్ని తిట్టిన తిట్లకు ఆ కాకి జూరాల డ్యాము దాటి పోయిందంటారు. అరవింద్ తల పట్టుకొని, మళ్లీ ఒక్కసారి ఏడవమని బతిమాలాడు.

"బతికున్న పిల్లను పట్కొని ఎట్ల ఏడుస్త? పొయ్యెక్కడ జరిపినవో చూపెట్టు, దీనికింత వండి పెడత."

కెమెరా వెళ్లిపోయింది. ఇక చేసేదేమీ లేక అరవింద్, శవం కళ్లు తెరిచి "పెద్దమ్మా" అన్నచోటే సినిమా ముగించాడు. వనపర్తిలో తెర కట్టి చూపించినప్పుడు చదువుకున్నవాళ్లు లేచి ఆ ముగింపుకు పెద్ద పెద్ద అర్థాలు చెప్పారు. అసలు సంగతి చెప్పబోయిన పెద్దమ్మను సరోజ మోచేత్తో పొడిచింది.