జి. అప్పన్నలు ఇద్దరు

నన్ను మళ్లీ సర్దుతున్నారు. తవిటమ్మ నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, నన్ను ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క వస్తువునూ దులిపి నాలోకి దింపుతోంది. ఆకుపచ్చ చొక్కా. ఎప్పుడో ఎండిపోయిన నూనె సీసా. పళ్లు ఊడిన దువ్వెన. పాత పత్రిక కాగితంలో చుట్టిన ఒక పొట్లం. ఏటా ఒకసారి వీటిని ఎండబెట్టి, మళ్లీ ఇదే వరసలో పెట్టడం ఆమెకు అలవాటే. ఇవాళ మాత్రం ప్రయాణానికి సర్దుతోంది. సర్దడం అంటే నాకు దడ. నా మూతి బిగించిన ప్రతిసారీ ఎవరో ఒకరు గుమ్మంలో ఆగి వెనక్కి చూస్తారు. ఆ చూపు నాకు ఏనాడూ మంచిగా తోచలేదు.

"ఈపాలైనా ఇచ్చీసి రా," అంది తవిటమ్మ మొగుడితో.

"ఇచ్చీస్తాన్లే."

"ఇవ్వడం ఎంతసేపు? ముందు నోరిప్పి సెప్పాల. దీనికి తాళమేసినట్టు నీ నోటికీ ఏసుకున్నావు."

ఆమె మొగుడి పేరు గేదెల అప్పన్న. డెబ్బై నాలుగేళ్ల మనిషి, ఒక కాలు ఈడుస్తూ వచ్చి నన్ను భుజానికెత్తుకున్నాడు. యాభై రెండేళ్లుగా నేను ఆయన ఇంట్లోనే ఉన్నాను. కానీ నేను ఆయన సంచిని కాను. ఆ సంగతి ఒక ఆడమనిషికి చెప్పాలని ఇప్పుడు పార్వతీపురం బయల్దేరాడు. ఎలా చెప్పాలో ఆయనకు తెలియదు. చెబితే ఆవిడ ఏమైపోతుందో అంతకన్నా తెలియదు.

నేను ఒక కిట్ బ్యాగును. సిపాయి తన సొంత సామాను దాచుకునే పొడవాటి గుండ్రటి సంచిని. కాన్పూరులో ముతక కాన్వాసుతో నన్ను కుట్టారు. కుట్టినతను రోజుకు ఎన్ని సంచులు కుట్టేవాడో, మాలో ఒక్కదాన్నీ మళ్లీ తలుచుకుని ఉండడు. నాకు అడుగుంది, మూతి ఉంది, మూతి చుట్టూ ఇత్తడి కన్నాలున్నాయి. వాటిలోంచి ఒక ఇనుప కడ్డీ, కడ్డీకి తాళం. నోరుండీ మాట్లాడని వాళ్లంటే సైన్యానికి ఇష్టం.

నన్ను మొదట అందుకున్నవాడు గొర్లె అప్పన్న. పాలకొండ దగ్గర పల్లె. గాలికి ఊగే మనిషి. పటాలంలో చేరేనాటికి ఇరవై ఏళ్లు. అదే రోజు, అదే వరసలో, కాస్త వెనకగా నిలబడి చేరినవాడు గేదెల అప్పన్న. ఇతనిది చీపురుపల్లి వైపు. ఆరడుగుల ఎత్తు, ద్వారబంధమంత భుజాలు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది కదా. పటాలంలో పేర్లు రాసే గుమాస్తా ఉత్తరాదివాడు. ఇంటిపేరు అంటే ఏమిటో అతనికి తెలియదు, కనుక్కునే తీరికా లేదు. ఆ ఇంటిపేర్లను ఒక్క అక్షరానికి కత్తిరించి, ఇద్దర్నీ జి. అప్పన్న అని రాసుకున్నాడు. సంచుల మీద తెల్లరంగుతో ఆ పేరే ఇంగ్లీషులో వేశారు. పేరు కింద సైనిక సంఖ్య. రెండు సంచుల మీదా సంఖ్యలో చివరి అంకె ఒక్కటే తేడా. నాది మూడు, రెండోదానిది ఎనిమిది.

హవల్దారు మజ్జి సన్నాసి మనవాడే. ఒక పేరు పిలిస్తే ఇద్దరు పలకడం ఆయనకు చిరాకు. ఇంటిపేర్లు ఉన్నవి ఎందుకని, ఒకణ్ని గేదె అన్నాడు, ఒకణ్ని గొర్రె అన్నాడు. పటాలంలో తెలుగువాళ్లందరికీ ఆ పేర్లే స్థిరపడ్డాయి. "దేశాన్ని కాయడానికి మనుసుల్ని పంపమంటే నాకు మందని పంపినారు," అని ఆయన రోజూ పొద్దున్న ఒకసారి అనేవాడు. ఇద్దరూ నవ్వేవారు. పేరుకి నవ్విన వాళ్లు తొందరగా స్నేహితులవుతారని అప్పుడే నేర్చుకున్నాను.

డెబ్బై ఒకటిలో, ఎండాకాలం సెలవుకు వెళ్లినప్పుడు గొర్లె అప్పన్న ఒక పని చేశాడు. భార్య అసిరితల్లి మధ్యాహ్నం వసారాలో పడుకుని ఉంటే, దారం తీసి ఆమె పాదం కొలిచాడు. మడమ దగ్గర ఒక ముడి, బొటనవేలి దగ్గర ఒక ముడి. ఆమెకు అప్పటిదాకా కాలికి చెప్పులు లేవు. ఆ దారం నా అడుగున పెట్టుకుని పటాలానికి వచ్చాడు. తర్వాత తూర్పు సరిహద్దు దగ్గర ఒక బజారులో దారంతో కొలిచి తోలు చెప్పులు కొన్నాడు. కొట్టువాడు విసుక్కునేదాకా ఏడు జతలు కొలిచాడట.

"పెళ్లాం కాలికి దారం కట్టినోణ్ని నిన్నే సూసినాన్రా గొర్రే," అన్నాడు గేదెల అప్పన్న.

"నీకేట్రా, నీ పెళ్లాం నీకు ముకుతాడు ఏసేసింది. నాను ఇంకా కొలతలకాడే ఉన్నాను," అన్నాడు ఇతను.

యుద్ధానికి వెళ్లేటప్పుడు మమ్మల్ని తీసుకువెళ్లరు. వెనక ఒక డేరాలో, ఒకదాని మీద ఒకటి పేర్చి వదిలేస్తారు. గొర్లె అప్పన్న నా తాళం రెండుసార్లు లాగి చూసి వెళ్లాడు. ఆ శీతాకాలమంతా కింద చెమ్మ, పైన మంచు. నా మీది రంగు పెచ్చులుగా రాలింది. మూడుకీ ఎనిమిదికీ తేడా చెప్పడం నాకే కష్టమైపోయింది.

యుద్ధం ముగిశాక ఒక జి. అప్పన్న ఆసుపత్రిలో ఉన్నాడు. ఒక జి. అప్పన్న లేడు. లేనివాడి సంచి ఇంటికి పంపాలి. డేరాలో సామాను చూసే మనిషి దీపం దగ్గరగా పెట్టుకుని, కళ్లు చికిలించి, నా పక్కదాన్ని లాగి పంపేశాడు. అతన్ని నేను తిట్టను. ఆ వారం అలాంటి సంచులు అతను చాలా పంపాడు.

మూడు నెలలకు గేదెల అప్పన్న కర్ర ఊతంతో వచ్చి, మిగిలిన సంచిగా నన్ను తీసుకున్నాడు. తాళంచెవి పట్టకపోతే తుప్పనుకుని విరగ్గొట్టాడు. చొక్కా తీసి తొడుక్కోబోతే భుజాల దగ్గరే ఆగిపోయింది. పొట్లం విప్పాడు. చిన్న చెప్పులు. వాటి మీద రెండు ముడుల దారం. అతను చొక్కాలో ఒక చెయ్యి ఇరుక్కునే అలాగే నేల మీద కూర్చుండిపోయాడు.

ఆ ఏడే నన్ను తీసుకుని పాలకొండ బస్సెక్కాడు. ఆ పల్లె దారి మొదట్లో దిగి, ఒక చింతచెట్టు కింద చాలాసేపు నిలబడి, తిరుగు బస్సెక్కేశాడు. ఇంటికొచ్చి తవిటమ్మతో చెప్పింది నేను విన్నాను.

"సంచి మారిందని నాను సెప్పితే, మనిషీ మారినాడేమో అనుకుంటాది గదే. ఇద్దరమూ జి. అప్పన్నలమే. సచ్చిపోయినోడు ఆ ఇంకొకడేమో, మా ఆయన వొస్తాడేమో అని ఆశపడతాది. ఆ ఆశ నా సేతుల్తో ఎలాగ పెట్టీది?"

అలా మొదలైన మౌనం యాభై రెండేళ్లు నడిచింది. మధ్యలో ఆయన ఖరగ్‌పూర్‌లో కాపలా ఉద్యోగం చేశాడు, పిల్లల పెళ్లిళ్లు చేశాడు, మళ్లీ మూడుసార్లు పాలకొండ బస్సెక్కి మూడుసార్లు దిగాడు. మనుషులు యుద్ధానికి వెళ్లినంత సులువుగా ఒక గుమ్మం ముందుకు వెళ్లలేరు.

ఇన్నేళ్లకు పటాలం పాతవాళ్లంతా పార్వతీపురంలో ఒక కల్యాణ మండపంలో కలుసుకుంటున్నారు. ఈసారి, తిరిగి రాని వాళ్ల భార్యలను కూడా పిలిచారు.

మండపంలో పెళ్లిళ్లకు వేసే కుర్చీలకు ఎర్ర గుడ్డలు కట్టారు. వచ్చినవాళ్లు ముఖాలు చూసి ఒకరినొకరు పోల్చుకోలేకపోయారు. నడక చూసి పోల్చుకున్నారు. ఒకాయన చెవిలో యంత్రం, ఒకాయన కోటు నిండా పతకాలు, ఒకాయన మనవరాలి చెయ్యి పట్టుకుని "వీడు నా బంకరులో నా దుప్పటి లాక్కునేవాడు" అని ఇంకొకాయన మీద యాభై ఏళ్లనాటి ఫిర్యాదు. తొంభై దాటిన సన్నాసి హవల్దారు చక్రాల కుర్చీలో ఉన్నాడు. గొంతు మాత్రం కుర్చీలో లేదు.

"ఒరే గేదే! ఏట్రా ఆ పొట్ట? పటాలం రేషనంతా నువ్వే మోసుకుపోనావేటి?"

గేదెల అప్పన్న వంగి ఆయన కాళ్లకు దణ్ణం పెట్టాడు. "మీరింకా ఉన్నారేటి సారూ?"

"నన్ను తీసుకుపోడానికి వొచ్చినోణ్ని సావధాన్‌లో నిలబెట్టినాన్రా. ఇంకా అలాగే ఉన్నాడు."

అందరూ నవ్వారు. అప్పుడే హవల్దారు చూపు నా మీద పడింది. తెల్ల అక్షరాల కింద, చివరి అంకె మీద ఆయన వేలు ఒకసారి నడిచింది. "ఇది నీది కాదు గదరా," అన్నాడు మెల్లగా. గేదెల అప్పన్న తల దించుకున్నాడు.

ఆ సమయంలో ఒక సన్నటి ముసలమ్మ గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. నెత్తి మీద ఒక సంచి. నన్ను కుట్టిన గుడ్డే, నా కన్నాలే, నా అక్షరాలే. యాభై రెండేళ్ల కింద డేరాలో నా పక్కన పడుకున్న సంచి. దాని అంచులకు చీర అంచు ముక్కలు అతుకులు వేసి ఉన్నాయి. నన్నెవరూ అంత ఒద్దికగా అతుకు వెయ్యలేదు.

ఆమె చేతులకు గాజులున్నాయి. నుదుట బొట్టుంది. ఆమె అసిరితల్లి.

"మా ఆయన జతగాడు గేదెల అప్పన్నంటే ఎవులు బావూ?" అని అడిగింది.

ఆయన లేచాడు. "అమ్మా, సంచి..." అన్నాడు.

ఆమె ఆ మాట పూర్తి కానివ్వలేదు. తన సంచిలోంచి ఒక చొక్కా తీసి ఆయన భుజాలకు ఆనించి చూసింది. సరిగ్గా సరిపోయింది.

"అదిగో. ఈ సొక్కాలో మా ఆయన్లాంటోళ్లు ఇద్దరు దూరతారు. ఇప్పిన రోజే తెలిసిపోనాది నాకు, ఇది ఆయన సంచి కాదని. ఇందులో సుట్టలు కూడా ఉన్నాయి. మా ఆయన సుట్ట ముట్టడు. మా ఇంట్లో కాల్చీది నాను."

"ఆ సుట్టలు?" అన్నాడు హవల్దారు.

"ఎన్నాళ్లు దాస్తాను బావూ? కాల్చీసినాను."

మండపం గొల్లున నవ్వింది. గేదెల అప్పన్న కూడా నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె నవ్వడం లేదు.

"తప్పు సంచి వొచ్చినాదంటే తప్పు కబురు కూడా వొచ్చుంటాదనుకున్నాను అన్నా. కాయితం సదివి అందరూ ఏడిసినారు. నాను ఏడవనేదు. గాజులు తియ్యనేదు. ఊరోళ్లు తిట్టినారు. బస్సు ఆగితే సాలు, దారికాడికి వొచ్చి నిలబడీదాన్ని. ఎవులో ఒకలు వొచ్చి, సంచి మారిందమ్మా, మనిషి మారనేదు అని సెప్పుంటే... ఎవులూ రానేదు."

ఆమె ఆశపడుతుందని భయపడి ఆయన నోరు మూసుకున్నాడు. ఆయన నోరు మూసుకున్నందుకే ఆమె ఆశపడింది. పాలకొండ దారి మొదట్లో ఆయన దిగిన నాలుగు బస్సుల్లో ఏదో ఒకటి ఆమె చూసే ఉంటుంది. నేను ఆయన భుజం మీదే ఉన్నాను. నాకూ నోరుంది. ఏం లాభం?

"తప్పు నాదే సెల్లీ," అన్నాడాయన. "నాలుగుపాళ్లు వొచ్చినాను. నీ గుమ్మం దాకా రానేకపోనాను."

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టాల్సిన వయసు ఇద్దరికీ దాటిపోయినట్టుంది.

"నాను ఒక్కటే అడగడానికి వొచ్చినాను. నువ్వు నీ కళ్లతో సూసినావా?"

"సూసినాను."

"సెప్పు మరి."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఆమె కింద, మా రెండు సంచుల మధ్య కూర్చుంది.

"కాలవ గట్టు మీద ఉన్నాం. పొద్దున్నే నా కాలికి తగిలీసింది, లేవనేను. దాహం అన్నాను. ఆడు తన సీసా, నా సీసా రెండూ తీసుకున్నాడు. 'గేదెకి నీళ్లు ఎక్కువ కావాల' అని నవ్వి దిగినాడు. అవతల గట్టు నుంచి కాల్చినారు. ఒక్కటే. పడిపోనాడు. నొప్పి పడనేదు సెల్లీ. నాను సూస్తానే ఉన్నాను."

"ఏటైనా అన్నాడా?"

"ఆ మాటే. ఇంకేటీ నేదు."

"నాను కొరివి పెట్టినానమ్మా," అన్నాడు హవల్దారు. "ఆ గట్టు మీదే."

అసిరితల్లి తల ఊపింది. కళ్లు తుడుచుకోలేదు, నీళ్లు వాటంతటవే కారి ఆగాయి. గేదెల అప్పన్న నా మూతి విప్పి పొట్లం ఆమె ఒళ్లో పెట్టాడు. దారం సంగతి, ఏడు జతల సంగతి చెప్పాడు. ఆమె ఒక చెప్పులో కాలు పెట్టబోయింది. తోలు కర్రలా బిగుసుకుపోయింది, పాదం వయసుతో వెడల్పయింది. వేళ్లు మాత్రమే పట్టాయి.

"నాను నిద్దరోతుంటే కొలిసినాడా? దొంగ సచ్చినోడు," అంది. ఆ మాట అన్నాక మాత్రం ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. యాభై రెండేళ్లదీ ఒకేసారి ఏడ్చింది. పెద్దవాళ్లెవరూ ఓదార్చలేదు. ఓదార్చకూడదని ఆ మండపంలో అందరికీ తెలుసు.

తర్వాత నన్ను ఆమె పక్కకి జరిపారు. నా తోటి సంచిని గేదెల అప్పన్న పక్కకి జరిపారు. ఆమె వేసిన అతుకులు ఆయన ఇంటికి పోతున్నాయి. తవిటమ్మ ఏటా పెట్టిన ఎండ నాతో ఈమె ఇంటికి వస్తోంది. ఆ ఇద్దరాడవాళ్లూ ఒకరినొకరు ఎప్పుడూ చూడలేదు.

ఆమె కళ్లు తుడుచుకుని ఆయన వైపు తిరిగింది.

"ఆయన్ని పెద్దల్లో కలపనేదు అన్నా. వొస్తాడనుకున్నోడికి సంవత్సరీకం ఎలాగ సేస్తాను? ఆ కాయితం మీద రోజు ఏసుంది గానీ, నాను నమ్మనేదు, సింపీసినాను. ఇప్పుడు సెయ్యాల. ఏ రోజు? ఏ యేళ? సరిగ్గా సెప్పు. నాను మరిసిపోతానేమో, ఎవులైనా రాసి కూడా ఇవ్వండి."

హవల్దారు తన జేబులోంచి కలం తీశాడు. కాగితం దొరకలేదు. నా మీద, తెల్ల అక్షరాలు రాలిపోయిన చోట రాయమంది ఆమె. గేదెల అప్పన్న ఒక్కొక్క మాటా పైకి చెబుతూ, ఇంటిపేరు మొత్తం విడమరిచి, తెలుగులో నా మీద రాశాడు.

గొర్లె అప్పన్న నీళ్లకు దిగి తిరిగి రాలేదు. 1971 డిసెంబరు పది, శుక్రవారం, మధ్యాహ్నం రెండు గంటలకు.