నోరున్న పనిమనిషి

హనుమాన్ జంక్షన్‌లో ఒక బట్టల కొట్టు మేడమీద సంపూర్ణమ్మ అరబ్బీ చెబుతుంది. నేర్చుకునేవాళ్లంతా కువైట్‌లో ఇంటిపనికి వెళ్లబోయే ఆడవాళ్లు. తనూ అక్కడ ఏళ్ల తరబడి అంట్లు తోమి వచ్చిన మనిషే. ఏజెంటు నతానియేలు ఆమెను పెట్టుకున్నది మాటలు బట్టీ పట్టించడానికి. గిన్నె, చీపురు, ఉప్పు, తలుపు అంటూ వాళ్లు ఆదివారం బడిలో బైబిలు కంఠత వాక్యాల్లా గడగడా ఒప్పజెప్పేవాళ్లు.

ఒప్పజెబితే ఒరిగేదేమిటి, నా మొహం! వెళ్లిన కొత్తలో సంపూర్ణమ్మకు సలసల కాగే నూనె చేతిమీద పడింది. చెయ్యి అన్న మాటా వచ్చు, నూనె అన్న మాటా వచ్చు. రెండూ కలిపి చెప్పడం చేతకాక మూగదానిలా నిలబడింది. ఆ ఉక్రోషం ఇప్పటికీ చల్లారలేదు. అందుకే ఏజెంటు వద్దన్నా తన క్లాసులో అందరి చేతా మాట్లాడించేది.

అందరిలోకీ మార్త చురుకు. మొగుడు వదిలేస్తే ఇద్దరు ఆడపిల్లలతో అన్న పంచన చేరి, వదిన విసిరే మెతుకులు తింటోంది. ఈ పని దొరక్కపోతే మళ్లీ ఆ గడపే గతి.

"కూర ఎందుకు మాడిందే?" అని సంపూర్ణమ్మ అరబ్బీలో గద్దిస్తే, "మీరు కేకేస్తే పరిగెత్తుకొచ్చాగా అమ్మగారూ, అందుకు!" అని అరబ్బీలోనే బదులిచ్చేది. క్లాసంతా ఘొల్లుమనేది.

ఒక రోజు పొద్దున పనిమనిషిని ఎంచుకోవడానికి కువైట్ నుంచి ఒకావిడ ఫోన్లో వీడియో కాల్ చేసింది. మార్తను పిల్లలెంతమంది అని అడిగింది. ఇద్దరని చెప్పి ఊరుకోవచ్చుగా! మన వైపు ఎవరైనా మంచీచెడ్డా అడిగితే తిరిగి అడక్కపోవడం పొగరు. "మీకెంతమందమ్మా? అత్తగారు మీ దగ్గరే ఉంటారా? ఒంట్లో బాగుంటోందా?" అని మార్త తప్పు లేని అరబ్బీలో అడిగింది. సంపూర్ణమ్మ గుండె పొంగిపోయింది. ఫోన్లో ఆవిడ మొహం ముడుచుకుంది.

మార్త తర్వాత ఫోన్ ముందు కూర్చున్న అదే క్లాసు శాలిని, ఏమడిగినా "హాదర్" అనేసింది, అంటే చిత్తం అని. ఆవిడ శాలినినే తీసుకుంది.

"నోరున్న మనిషి వద్దంటండి సంపూర్ణమ్మగారూ, ఇంటి గుట్టు ఆరా తీస్తోందంట," అన్నాడు నతానియేలు. "మధ్యాహ్నం ఇంకో ఇంటివాళ్లు ఫోన్ చేస్తారు. ఇదీ పోతే ఈవిణ్ణి నేను పంపలేను."

మార్త చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నెలల తరబడి తను నేర్పిందంతా దండగేనా అనుకుంది సంపూర్ణమ్మ. అయినా మార్త పక్కన కూర్చుని తన నోటితోనే చెప్పింది.

"ఏమడిగినా తలూపవే. నీకేం రాదనుకోనీ."

"పిల్లల సంగతడిగితే?"

"వేళ్లు చూపించు."

మధ్యాహ్నం మార్త అలాగే చేసింది. తలొంచుకుని రెండు వేళ్లు చూపించింది. అవతలి ఇంటావిడ ముచ్చటపడి అప్పటికప్పుడే ఖాయం చేసింది. "స్తోత్రం ప్రభువా!" అంటూ మార్త చేతులు జోడించింది.

"చూశారా? రేపట్నించి మాట్లాడించడం ఆపండి. వాళ్లు చెప్పింది అర్థమైతే చాలు," అన్నాడు నతానియేలు.

సంపూర్ణమ్మ కళ్లనిండా నీళ్లు తిరిగాయి. మార్త ఆమెను ఓదార్చబోయింది.

"ఊరుకో అక్కా! నోరు మూసుకుని పడుండటం మనకేమన్నా కొత్తా? అది పుట్టింట్లోనే నేర్పి పంపించారుగా!"