సెలైను లేని ఆసుపత్రి

"ఇంకో చెంచా పట్టమ్మా. నా మొహం కాదు, బిడ్డ నోరు చూడు," అంది ఆసియా, ఆ పూటకి ముప్పయ్యోసారి. రేపల్లె స్టేషను దగ్గర ఆ రెండు గదుల పిల్లల ఆసుపత్రిలో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆమె ఉద్యోగమల్లా ఈ మాట చెప్పడమే. నర్సు చదువు చదవలేదు, అయినా ఊరంతా నర్సమ్మ అంటుంది. పొట్టి మనిషి. నీలం చీర కొంగు బొడ్లో దోపుకుని, మోకాళ్ళ నొప్పికి కుంటుతూ, తల్లుల మీద అరుస్తూ తిరుగుతుంది.

బెంచీ మీద సాయి ప్రియ. బాపట్లలో కాపురం. పుట్టింటికొచ్చిన మూడో రోజే తొమ్మిది నెలల పాపకి విరేచనాలు పట్టుకున్నాయి. పక్కన తల్లి లక్ష్మమ్మ. అసలు తలనొప్పంతా ఈవిడతోనే.

"ఇదేం ఆసుపత్రి నర్సమ్మా! ఒక్క సెలైన్ బాటిలన్నా లేదు. నీళ్ళు తాగించడానికి ఇక్కడిదాకా రావాలా? మా ఇంట్లో బోరు లేదా ఏంటి?"

"ఇవి ఉత్త నీళ్ళు కాదు, ఓఆర్ఎస్ పొడి కలిపినవి. అయినా ఇంట్లో నీళ్ళెందుకు మాన్పించావు వదినా?"

"విరేచనాలవుతుంటే ఎవరన్నా నీళ్ళిస్తారా? ఇంకా ఎక్కువవ్వవూ?"

అయ్యో ఖర్మ! డాక్టర్ జ్ఞానానందం గారు నలభై ఏళ్ళుగా నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా ఇదే మాట. ఆయన రాకముందు ఆ చుట్టుపక్కల పిల్లల కోసమంటూ ప్రత్యేకంగా డాక్టరే లేడు. తెనాలి నుంచి రోజూ పాసింజరెక్కి వచ్చి, అవసరం లేని బిడ్డకి సూది గుచ్చనని భీష్మించుకుని కూర్చున్నారు. దాంతో సగం జనం సూది కోసం వేరే చోటికి పోతారు. ఎనభై ఒకటో ఏట కూడా ఆ రైలు మానలేదు. ఇంటిపట్టున ఉండమని ఆసియా ఎంత కసిరినా వినరు.

ఆ ఉదయం మెట్లెక్కుతూనే ఆయాసపడ్డారు. పాప పొట్ట మీది చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలారు. అది మెల్లగా సర్దుకుంది. "నిమిషానికో చెంచా. మధ్యాహ్నం రెండింటిలోపు ఉచ్చ పోస్తే గండం గడిచినట్టే. లేదంటే నేనే తెనాలి తీసుకెళ్ళి సెలైన్ పెట్టిస్తా. అందాకా కదలనివ్వకమ్మా. పాపకి మగత కమ్మితే నన్ను లేపు," అని ఆసియాకి చెప్పి లోపలి గదిలో నడుం వాల్చారు.

పన్నెండున్నరకి పాప భళ్ళున కక్కింది. లక్ష్మమ్మ సంచీ సర్దేసింది. "లే ప్రియా. సీసా ఎక్కించే చోటికి పోదాం."

ఆసియాకి ఒళ్ళు మండిపోయింది. గుమ్మానికడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"వదినా, నా మొదటి బిడ్డకీ మా అత్త నీళ్ళు మాన్పించింది. నేను నోరెత్తలేదు. ఇక్కడికి తెచ్చేసరికే అయిపోయింది. పెద్దాయన నన్నొక్క మాట అనలేదు. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనలయ్యాక కబురు పెట్టి, 'నా మాట తల్లులు వినట్లేదు, నువ్వొచ్చి చెప్పమ్మా' అన్నారు. ఇన్నేళ్ళయింది, నా మాటా వినరే మీరు!" కొంగుతో ముక్కు తుడుచుకుంది. వెంటనే కోపం తెచ్చుకుని, "పది నిమిషాలాగి మళ్ళీ పట్టు. ఇంకా నెమ్మదిగా!" అని సాయి ప్రియని కసిరింది.

సాయి ప్రియ తల్లి వైపు చూడలేదు. చెంచా అందుకుంది.

ఒంటిగంట దాటింది. నీళ్ళు నిలుస్తున్నాయి గానీ పాప కళ్ళు పీక్కుపోయే ఉన్నాయి. ఆసియా లోపలికి తొంగిచూసింది. డాక్టరుగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. లేపబుద్ధి కాలేదు. ఇవతల లక్ష్మమ్మ నిట్టూర్పులకి చిరాకెత్తిపోతోంది. తన మాట మీద ఆగిన ఈ బిడ్డకి ఏమన్నా అయితే?

రెండింటికి ఐదు నిమిషాలుందనగా పాప గుక్కపట్టి ఏడ్చింది. సాయి ప్రియ ఉలిక్కిపడి లేచింది. "నర్సమ్మా! నా ఒళ్ళంతా తడి!"

ఆసియా పాప కింది గుడ్డ లాగి వాసన చూసింది. విరేచనం కాదు, ఉచ్చే! లక్ష్మమ్మ ఏడుస్తూనే నవ్వేసింది.

మోకాళ్ళ సంగతి మర్చిపోయి ఆసియా లోపలికి పరుగెత్తింది. "సార్, పోసిందండి! చూడండి, ఎంత పోసిందో!"

ఆయన ఇటు తిరగలేదు.

"ఏం నిద్రండీ ఇది, లెండి!" అని విసుక్కుంటూ, చేతిలోని గుడ్డ పక్కన పెట్టి, భుజం పట్టి కదిపింది. భుజం చల్లగా బిగుసుకుపోయి ఉంది.

"పెద్దాయనకి దణ్ణం పెట్టుకుని పోతాం నర్సమ్మా," అంటోంది లక్ష్మమ్మ బయట్నుంచి.

ఆసియా ఆయన కాళ్ళ మీద దుప్పటి సర్దింది. బల్ల మీద, ఆయన కళ్ళజోడు పక్కన, చూపిద్దామని తెచ్చిన తడిగుడ్డ అలాగే ఉండిపోయింది.