మొదట పోయిన ఫోల్డరు

అశ్వాపురం పోయింది. బూర్గంపాడు పోయింది. చండ్రుగొండ పోతోంది.

ఊళ్ల పేర్లతో దాచుకున్న ఫొటోల ఫోల్డర్లు తెర మీద ఒక్కొక్కటే పిచ్చి అక్షరాలుగా మారిపోతుంటే షబ్రీన్ చటుక్కున ప్లగ్గు పీకేసింది. కంప్యూటరు ఆరిపోయింది.

"మీ అమ్మీ ఫోల్డరు ఉందా?" తండ్రి ఇద్రీస్ అడిగింది అదొక్కటే.

"ఇంగ్లిషు అక్షరాల వరసల పోతున్నయి అబ్బా. హాజిరా దాకా రాలే అనుకుంట."

బూర్గంపాడులో ఇద్రీస్ ముప్పై ఏళ్లు ఫొటో స్టూడియో నడిపాడు. ఆయన తీసిన నెగెటివ్‌ను భార్య హాజిరా కిటికీ వెలుతురుకు పెట్టి, సూదిలాంటి పెన్సిలు మొనతో మచ్చలూ గీతలూ సర్దేది. "మొహం మార్చొద్దు. అలసట తీసెయ్యాలె, అంతే," అనేది. ఆ పెన్సిళ్లను గరుకు కాగితం మీద అరగదీసి ఇవ్వడం షబ్రీన్ చిన్ననాటి కొలువు. బడికి ఎప్పుడూ నల్లటి వేళ్లతోనే వెళ్లేది. హాజిరా పోయిన రెండేళ్లకు గోదావరి ఇంట్లోకి వచ్చి నెగెటివ్‌ల పెట్టెలన్నీ ఊడ్చుకుపోయింది. అంతకుముందు స్కాన్ చేసినవే ఈ కంప్యూటర్లో మిగిలాయి. వాటిలో హాజిరావి ఇరవై మూడు.

సెలవుకు ఇంటికొచ్చిన షబ్రీన్‌ది ఖమ్మంలో కంప్యూటర్ల భద్రత చూసే ఉద్యోగం; ఎక్కడ దొంగ ప్రోగ్రాము పడినా అదెలా వచ్చిందో రిపోర్టు రాస్తుంది. పోయిన నెలే తండ్రి కంప్యూటర్లో అలాంటివాటిని పట్టే కొత్త రకం సాఫ్ట్‌వేరు వేసింది. పాతవాటి దగ్గర దొంగల పేర్ల జాబితా ఉంటుంది. జాబితాలో లేని దొంగ దర్జాగా లోపలికొస్తాడు. ఇది పేరు చూడదు, నడత చూస్తుంది. ఏ ప్రోగ్రామైనా గబగబా ఫైళ్లు మార్చడం మొదలుపెడితే మెడ పట్టి ఆపుతుంది. మరి ఇవాళ ఎందుకు ఆపలేదు?

గుమ్మంలో శివ నిలబడి ఉన్నాడు. పదిహేనేళ్లుగా ఇద్రీస్ దగ్గరే పనిచేసి, ఇప్పుడు స్టూడియో తనే చూసుకుంటున్నాడు.

"శివన్నా, దీనికి పెన్‌డ్రైవ్ పెట్టినవా?"

"పొద్దున ఎనిమిదింటికి పెట్టిన."

"ఇంకేంది మరి. ఊరంతా తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్."

"బాగుంది చెల్లె. కరెంటు పోయినా శివనే, గోదారొచ్చినా శివనే."

షబ్రీన్ డిస్కు ఊడదీసి తన ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఆ సాఫ్ట్‌వేరు రాసుకున్న చిట్టా తెరిచింది.

సాఫ్ట్‌వేరు నిద్రపోలేదు. పదకొండు దాటాక మూడుసార్లు ఆపింది. మూడుసార్లూ ఎర్ర డబ్బా చూపించి అడిగింది: ఈ ప్రోగ్రాము చాలా ఫొటోలను మారుస్తోంది, అనుమతించాలా? మూడుసార్లూ ఎవరో అవునన్నారు. మూడోసారి 'ఎప్పటికీ నమ్ము' అని కూడా నొక్కారు.

"గట్లెట్ల నొక్కుతరు?" అంది.

"మేం రోజూ నొక్కుతం," అన్నాడు శివ. "ఆల్బం సాఫ్ట్‌వేరు ఐదొందల ఫొటోలకు ఒక్కసారే రంగు సర్దుతది. అది గూడ మార్చుడే గదా. ఎర్ర డబ్బా వస్తది, నొక్కుతం, పనైతది. పెండ్లోళ్లు బయట కూసుంటే మేం లోపల చదువుకుంట కూసోవాల్నా?"

ఫొటోలవాళ్ల ఇంట్లో నిఖార్సయిన పనికీ దొంగపనికీ నడత ఒక్కటే. ఈ ఇంట్లోనే పెరిగి కూడా ఆ సంగతి షబ్రీన్‌కు తట్టలేదు.

"అయితే ఇవ్వాల నొక్కింది నువ్వేనా?"

"పదకొండింటికి నేను పెండ్లి ఫొటోలకు సారపాకల ఉన్న. పెండ్లికొడుకుని అడుగు, గంటసేపు ఎండల నిలబెట్టినందుకు తిట్టుకుంటనే చెప్తడు."

ఆమె చిట్టాలో ఇంకా పైకి వెళ్లింది. మొదట పోయింది అశ్వాపురం అయ్యుండాలి. కాదు. మొదట పోయింది హాజిరా. ఎవరో ఆ ఫోల్డరు తెరిచి, అమ్మ ఫొటో మీదే ఆ ప్రోగ్రామును నడిపించారు. ఆ తర్వాతే అది ఊళ్ల మీద పడింది. పెన్‌డ్రైవ్ పురుగు పని కాదిది. ఆ ఫోల్డరు జోలికి శివ ఏనాడూ పోడు.

ఆపిన ప్రతిసారీ సాఫ్ట్‌వేరు కొన్ని అసలు ఫొటోలను పక్కన దాచింది. లెక్కపెడితే హాజిరావి తొమ్మిది. ఒకటి తెరిచింది. చెవి మీద పెన్సిలు పెట్టుకుని హాజిరా ఎటో చూస్తోంది. మిగతా పద్నాలుగూ ఇక రావు.

ఇద్రీస్ వచ్చి కూతురి వెనక నిలబడ్డాడు. తెర మీద హాజిరా మూసిన పెదాల దగ్గర వేలు పెట్టాడు.

"ఫోన్ల ఒక ప్రోగ్రాము లింకు వచ్చింది బేటీ, కంప్యూటర్ల దింపిన. పాత ఫొటో ఇస్తే మనిషి నవ్వుతది అన్నరు," అన్నాడు. "మీ అమ్మీ ఒక్క ఫొటోల గూడ నవ్వలే. పన్ను వంకరని నోరు మూసుకునేది. ఒక్కపారి చూద్దామనిపించింది."

"శివన్నను అంటుంటే ఊకున్నవేంది అబ్బా?"

"సిగ్గనిపించింది." ఆయన శివ వైపు తిరిగి భుజం మీద చెయ్యేశాడు. "నీ తప్పు లేదురా. బేటీ, ఎవరు నొక్కిండ్రో నీ రిపోర్టుల రాస్తవు గదా. ఇద్రీస్ అని రాయి."