ఆగని గమకం

రోజారమణి గొంతులోకి ఈ మధ్య కొత్తగా ఒక వణుకు వచ్చింది. ఆమె సాధన చేసి తెచ్చుకున్నది కాదు, దానంతటదే వచ్చి కూర్చుంది. భీమిలిలో సంగీతసభ నడిపే గురునాథరావు అది విని కళ్లు తుడుచుకుని, స్వరాన్ని ఇంత అందంగా ఊపే గమకం ఈ చుట్టుపక్కల లేదని ఊరంతా చాటాడు. ఆయనకు లారీ హారన్‌లోనూ రాగమే వినిపిస్తుంది, అది వేరే సంగతి. వచ్చే నెల కచేరీ మాత్రం ఆమెకే ఇచ్చాడు. ఏళ్ల తరబడి స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్‌లో పిల్లలకు సరళీస్వరాలు చెప్పుకుంటున్న మనిషికి అదే మొదటి కచేరీ. పొంగిపోయింది.

పాత శిష్యురాలు శ్రీసత్య రుషికొండ కాలేజీలో గొంతు కంపనాల మీద పరిశోధన చేస్తోంది. మీ గమకం రికార్డు చేసుకుంటానని పిలిస్తే రోజారమణి పట్టుచీర కట్టుకుని మరీ వెళ్లింది.

మైకు ముందు పాడుతుంటే తెరమీద ఆకుపచ్చ గీత అలలు అలలుగా సాగింది. శ్రీసత్య మురిసిపోయింది. తర్వాత గమకం లేకుండా పంచమాన్ని తిన్నగా నిలపమంది. రోజారమణి నిలిపింది. గీత మాత్రం అలలుగానే సాగింది. మళ్లీ పాడించినా అంతే. శ్రీసత్య ముఖంలో నవ్వు పోయింది.

"టీచరుగారూ, కావాలని ఊపితే ఆపగలగాలండి. ఇది మీరు ఆపుతన్నా ఆగట్లేదు. నాను డాక్టర్ని కాదు గానీ, ఓసారి నరాల డాక్టరుకి సూపించండి."

రోజారమణికి ఒళ్లు మండింది. నిన్నగాక మొన్న స్వరం తప్పి తన చేత మొట్టికాయలు తిన్న పిల్ల ఇది. రోగం ఆ మిషన్‌కే ఉందనుకుంటూ బస్సెక్కింది.

సాయంత్రం క్లాసులో శ్రుతిపెట్టె ఆన్ చేసి, పంచమం పాడి, పిల్లలను అందుకోమంది. అందుకున్నారు. అన్ని గొంతులూ వణికాయి. తిన్నగా పాడమని కసిరి, మళ్లీ తనే పాడి చూపించింది. మళ్లీ అందరి గొంతులూ ఒకేలా వణికాయి. గురువు పాడింది పాడినట్టు అప్పజెప్పడమే వాళ్లకు ఆమె నేర్పిన చదువు.

"మీరు పాడినట్టే పాడతన్నాం కదండీ టీచర్," అంది ముందు కూర్చున్న పిల్ల బెదురుగా.

శ్రీసత్య మిషన్ అబద్ధం చెప్పలేదని రోజారమణికి అప్పుడు తెలిసింది. ఈ మధ్యంతా తన జబ్బును సంగీతమని ఈ పిల్లలకు ఎక్కించింది.

"నన్ను వినకండమ్మా. ఆ పెట్టెను విని పాడండి," అంది.

పిల్లలు కళ్లు మూసుకున్నారు. మొదట తడబడ్డారు. మెల్లగా ఒక్కొక్క గొంతే కుదురుకుని, పంచమం ఆ గదిలో తిన్నగా నిలిచింది. రోజారమణి నోరు మూసుకునే ఉంది. భయంభయంగా గడ్డం కింద చెయ్యి పెట్టి చూసుకుంది. పాడకపోయినా గడ్డం వణుకుతూనే ఉంది.